బెంగుళూరు జడ్జీ రామరాజుగారి కాగితాలు

ఉగాది సంచిక వెలువడిన ప్రతిసారీ, సొంత సీమ విడిచి వచ్చి పరాయి సీమలో పేరు తెచ్చుకొన్న పెద్దలను తలచుకొనడం మన సంఘాలలో ఆనవాయితీ. తంజావూరు కొలువులో యక్షగానాలు వ్రాసిన కవులను తలచుకొంటాము. తిరువయ్యారులో కావేరి ఒడ్డున కూర్చుండి తెలుగుకు చిరంజీవిత్వం ఇచ్చిన త్యాగరాజస్వామిని తలచుకొంటాము. ఈసారి కవీ కాని, గాయకుడూ కాని ఒక పెద్దమనిషిని గురించి నాలుగు మాటలు చెప్పవలెనని నా కోరిక. ఆయన ఉద్యోగరీత్యా గుమాస్తా, తరువాత పంతులు, కడపట న్యాయాధికారి. అయినా దేవాలయ వాస్తువును చదువుకొనేవారు నేటికీ మొట్టమొదట తలచుకొనే పేర్లలో ఆయన పేరు ఒకటి. ఇంగ్లీషు పుస్తకాలలో ఆ పేరు రామ్ రాజ్ అని కనబడుతుంది. మన నోటికి రామరాజుగారు అంటేనే సరిపోతుంది.

లండన్ నగరంలో 1823లో స్థాపించిన రాయల్ ఏషియాటిక్ సొసైటీ అనే విద్వత్సంఘం ఉన్నది. ఆ సంఘం భద్రపరచిన చిత్రాలలో మన దక్షిణదేశపు స్తంభాలు, అధిష్ఠానాలు, విమానాలు, గోపురాలు గీతలలో కొలతలతో తీర్చిన కాగితాలు కొన్ని ఉన్నవి. అవి చూచి ముచ్చటపడడానికి గీసిన దృశ్యాలు కావు. ఒక పుస్తకం కోసం తయారైన పనికాగితాలు. అవి రామరాజుగారు చేయించి సముద్రం మీదుగా పంపినవి. ఒకమారు అచ్చు అయిపోయిన తరువాత పనికాగితాలను ఎవరు దాస్తారు? మన ఇళ్లలో అయితే పొయ్యిలోకో, పచారీకొట్టుకో పోయేవి. అక్కడివారు దాచారు. కనుకనే ఆ పుస్తకం వెనుక ఉన్న శ్రమ ఎటువంటిదో మనం ఊహించుకొనగలుగుతున్నాము.

రామరాజుగారు ఇంచుమించు 1790లో తంజావూరులో జన్మించారు. తల్లిదండ్రులు బీదవారు. అయితే విజయనగర ప్రభువుల వంశంలోని ఒక కొమ్మ తమదని ఆ కుటుంబం చెప్పుకొనేదని ప్రతీతి. 1565లో జరిగిన యుద్ధంలో అళియ రామరాయలు కూలిన తరువాత విజయనగరం పాడుపడింది. ఆ వైభవం తునకలై దక్షిణాదిన ఎక్కడెక్కడో చెదరిపోయింది. తంజావూరిలో నాయకరాజులు 1673 వరకు ఏలారు. ఆ పిమ్మట మహారాష్ట్ర రాజులు వచ్చారు. ఏలికలు మారినా కొలువులో తెలుగు మారలేదు. సరస్వతీ మహలులోని తెలుగు తాళపత్రాలే అందుకు సాక్ష్యం. రామరాజుగారి బాల్యంలో ఆ రాజ్యానికీ చివరి ఘట్టం వచ్చింది. 1799లో శరభోజి మహారాజు రాజ్యపాలనను కుంఫిణీవారికి అప్పగించి, కోట మాత్రం తన క్రింద ఉంచుకొన్నాడు. త్యాగరాజస్వామి నాలుగు ఆమడల దూరమైనా లేని తిరువయ్యారులో ఉంటున్న కాలం అది.

వంశకథ నిజమా, గొప్ప కోసం అల్లినదా అన్న వాదంలోకి నేను దిగను. ఆయనను మనవాడని చెప్పుకొనడానికి నాకు ఆ కథ అవసరం లేదు. తంజావూరులో పుట్టి, పొట్టకూటి కోసం మదరాసు చేరి, అక్కడినుంచి బెంగుళూరు వచ్చి స్థిరపడడం మన సంఘంలో సగం కుటుంబాలకు తెలిసిన దారే. ఆ దారిన మనకంటె ముందు నడిచినవారిలో ఆయన ఒకరు.

బీద పిల్లవానికి ఆ రోజులలో తెరచిన తలుపు కుంఫిణీ పటాలం ఒక్కటే. పటాలానికి లెక్కలు వ్రాసేవారు కావాలి, దొరలకూ సిపాయిలకూ మధ్య మాట అందించేవారు కావాలి. రామరాజుగారు సిపాయి పటాలంలో చిన్న ఉద్యోగంలో చేరి, ఇంగ్లీషు నేర్చుకొని, గుమాస్తా అయ్యారు. తరువాత మదరాసులో సైన్యపు జమాఖర్చులు చూచే కచేరీకి మారారు. అక్కడ ఉండగానే టిప్పు సుల్తాను తన రెవిన్యూ ఉద్యోగులకోసం ఏర్పరచిన నిబంధనలను మరాఠీ ప్రతినుంచి ఇంగ్లీషులోకి తర్జుమా చేశారు. ఆ అనువాదం రిచర్డ్ క్లార్క్ అనే సివిల్ ఉద్యోగి కంటబడింది. ఒక గుమాస్తా ఇంత చక్కని ఇంగ్లీషు వ్రాయడం ఆ దొరను ఆకర్షించింది. ఒక తర్జుమా మనిషి జాతకాన్ని మార్చివేసింది.

ఆ తరువాత ఆయన సెంటు జార్జి కోట కళాశాలలో ప్రధాన ఇంగ్లీషు ఉపాధ్యాయులయ్యారు. ఈ కళాశాలను గురించి మన పిల్లలకు చెప్పవలసినది చాలా ఉన్నది. 1812లో ఎల్లిస్ దొర పూనికతో ఏర్పడినది. సీమనుంచి క్రొత్తగా వచ్చిన పడుచు దొరలకు తెలుగు, తమిళం మొదలైన దేశభాషలు నేర్పడం దాని ముఖ్యోద్దేశం. దానితోపాటు కోర్టులకు కావలసిన దేశీయ న్యాయవాదులను, శాస్త్రజ్ఞులను తయారుచేయడం కూడ దాని పనే. కాంబెల్ దొర తెలుగు వ్యాకరణం 1816లో ఆ కళాశాల ముద్రణాలయంలోనే అచ్చయింది. దక్షిణదేశ భాషలు సంస్కృతంనుంచి పుట్టినవి కావు, అవి వేరొక కుటుంబమని ఎల్లిస్ నిరూపించిన వ్యాసం ఆ వ్యాకరణానికే పీఠికగా వెలువడింది. 1817లో మదరాసు దిగిన బ్రౌను దొర తెలుగు అక్షరాలు దిద్దుకొన్నది అక్కడే. మదరాసు నుంగంబాకంలోని కాలేజి రోడ్డుకు ఆ పేరు ఆ కళాశాల వల్లనే వచ్చింది.

అటువంటి చోట పంతులుగా ఉండడం అంటే పాఠం చెప్పడం ఒక్కటే కాదు. ఒక గదిలో తెలుగు పండితుడు, ప్రక్క గదిలో తమిళ పండితుడు, ఎదుట ధర్మశాస్త్రం చెప్పే శాస్త్రిగారు, నడుమ ఇంగ్లీషువారు. ఒక భాషలోని మాటకు మరొక భాషలో సరియైన మాట ఏదని పగలల్లా వెదకడమే అక్కడి వృత్తి. రామరాజుగారికి ఈ అలవాటు అక్కడే గట్టిపడి ఉండాలి. పిమ్మట ఆయన చేసిన మహత్కార్యమంతా చివరకు ఇదే గదా: ఎవరికీ అర్థం కాని మాటలకు అర్థం వెదకడం.

కళాశాలనుంచి ఆయన బెంగుళూరుకు న్యాయాధికారిగాను, మేజిస్ట్రేటుగాను వచ్చారు. 1809లో దండు ఏర్పడినప్పటినుంచి బెంగుళూరుకు తెలుగు, తమిళ కుటుంబాలు గుంపులుగుంపులుగా వస్తూనే ఉన్నవి. 1831లో మైసూరు పరిపాలనను ఇంగ్లీషువారు మహారాజునుంచి తమ చేతికి తీసుకొన్నారు. అటువంటి సంధికాలంలో దేశీయ న్యాయాధికారి పదవి తేలికయినది కాదు. జ్యూరీ పద్ధతిని మన కోర్టులలో ప్రవేశపెట్టడాన్ని గురించి ఆయన ఒక వ్యాసం కూడ వ్రాశారు. దానిని సొసైటీవారు తమ పత్రికలో ప్రకటించారు. ధర్మశాస్త్రాలలో రాజు ఒంటరిగా తీర్పు చెప్పరాదనీ, సభ్యులు ప్రక్కన ఉండవలెననీ విధించిన సంగతి మన పండితులకు క్రొత్త కాదు. ఈ వ్యాసాన్ని ఇంతటితో విడిచి, ఆయనకు పేరు తెచ్చిన పనికి వస్తాను.

క్లార్కు దొర సీమకు తిరిగివెళ్లి రాయల్ ఏషియాటిక్ సొసైటీలో చేరాడు. తన పాత మిత్రుణ్ణి మరువలేదు. హిందువుల శిల్పశాస్త్రాన్ని గురించి మీ దేశంలో గ్రంథాలు ఉన్నవని వింటున్నాము, వాటిలో ఏమున్నదో తెలుసుకొని వ్రాయవలసిందని కోరాడు. అప్పటికి మన దేవాలయాల చిత్రాలు సీమలో లేకపోలేదు. డేనియల్ అనే చిత్రకారులు, మామ, అల్లుడు వరుస కాదు, పినతండ్రి, కొడుకు వరుసవారు, 1792లో దక్షిణదేశం తిరిగి అందమైన బొమ్మలు వేసుకొని వెళ్లి అచ్చు వేయించారు. చెట్లు, ఏనుగులు, మబ్బులు, వాటి నడుమ గోపురం. చూచినవారు ఆశ్చర్యపడ్డారు. కాని ఈ గోపురానికి ఒక లెక్క ఉన్నదని, ఈ స్తంభం ఇంత మందమైతే ఇంత ఎత్తే ఉండాలనే నియమం ఉన్నదని, గ్రీకు, రోమను కట్టడాలకు ఎంత శాస్త్రం ఉన్నదో వీటికీ అంత ఉన్నదని చెప్పినవారు లేరు. ఇష్టం వచ్చినట్లు రాళ్లు పేర్చి, ఖాళీ ఉన్న చోటల్లా బొమ్మలు చెక్కారని అనుకొనే దొరలకు కొరత లేదు.

రామరాజుగారు ఒప్పుకొన్నారు. ఉద్యోగం వదలలేదు. పగలు కచేరీ, మిగిలిన వేళలో శిల్పశాస్త్రం. వెదకగా వెదకగా మానసారం, మయమతం, కాశ్యపం, వైఖానసం, సకళాధికారం అనే పేర్లు గల గ్రంథాల భాగాలు దొరికాయి. పూర్తి ప్రతులు కావు, తునకలు. వ్రాతగాళ్ల చేతులలో పడి తప్పుల తడికలైన ప్రతులు. అన్నిటిలోకి మానసారం విపులమైనది. కాని ఆయన చేతికి అదీ సమగ్రంగా రాలేదు.

ఇక్కడ అసలు చిక్కు వచ్చింది. ఈ గ్రంథాలు సంస్కృతంలో ఉన్నవి. ఆయన సంస్కృత పండితుల దగ్గరకు తీసుకొనిపోయి అర్థం చెప్పమన్నారు. వారు విభక్తులు చెప్పగలిగారు, సమాసం విడదీయగలిగారు, అర్థం చెప్పలేకపోయారు. కుముదం అంటే కలువ అని ఏ నిఘంటువైనా చెబుతుంది. దేవాలయం పునాది మీద కుముదం ఏమిటి? కపోతం అంటే పావురం. పైకప్పు అంచున పావురం ఎందుకు? నాసిక అంటే ముక్కు. విమానానికి ముక్కు ఎక్కడ? శబ్దం తెలిసినవారికి వస్తువు తెలియదు. పోనీ అని శిల్పుల దగ్గరకు వెళితే, తాత చెప్పాడు, తండ్రి చేశాడు, మేము చేస్తున్నాము అన్నదే వారి శాస్త్రం. కొలత పొల్లుపోకుండా కుముదం చెక్కగలిగినవానికి, ఆ పేరు ఏ శ్లోకంలో ఉన్నదో, ఆ శ్లోకం ఏమంటున్నదో తెలియదు. వస్తువు తెలిసినవారికి శబ్దం తెలియదు.

ఈ ఎడబాటుకు కారణాన్ని రామరాజుగారు మొగమాటం లేకుండా చెప్పారు. గ్రంథం చదువుకొన్న వర్గంవారి ఇళ్లలో ఉండిపోయింది, పని చేతిపనివారికి పోయింది, ఒకరి ముఖం ఒకరు చూడకుండా కాలం గడిచింది. గ్రంథం దాచుకొన్నవారు దానిని విప్పి చూడడం మానివేశారు. పని చేసేవారికి దానిని చూచే యోగ్యత లేదని అన్నారు. ఫలితం ఇరువురికీ నష్టమే. నా చిన్నతనంలో మా ఇంటి పెద్దలు పెట్టెలో తాళపత్రాలకు ఏటేటా పసుపు కుంకుమ పెట్టేవారు. ఒక్కసారీ విప్పి చదివినట్లు నేను చూడలేదు. రామరాజుగారి మాట తెలిసినప్పుడు నాకు ఆ పెట్టె గుర్తుకు వచ్చింది.

కడకు తంజావూరు సీమకు చెందిన ఒక శిల్పి ఆయనకు దొరికాడు. కమ్మాళ కులస్థుడు. మన వైపు పంచాణంవారు అంటామే, కంసాలి, కమ్మరి, కంచరి, వడ్రంగి, కాసెపనివారు కలిసిన ఆ వర్గమే తమిళదేశంలో కమ్మాళరు. దేవాలయ నిర్మాణంలో చేయి తిరిగినవాడు, అంతకుమించి ఆ వృత్తిలోని మాటలు చాలా ఎరిగినవాడు. ఇక పని సాగింది. ఒక ప్రక్క శ్లోకం, ఒక ప్రక్క శిల్పి, నడుమ జడ్జీగారు. సాక్షుల నోటినుంచి నిజం రాబట్టడం వృత్తిగా గలవాడు గనుక ఇక్కడా ఆ నేర్పే అక్కరకు వచ్చిందని నాకు అనిపిస్తుంది. గ్రంథం ఒక సాక్షి, శిల్పి ఒక సాక్షి, నిలిచి ఉన్న గుడి మూడవ సాక్షి. మూడింటి వాంగ్మూలమూ కలిసిన చోట అర్థం తేలింది.

ఆ తేలిన అర్థాన్ని మాటలతో చెబితే సీమవారికి అంతుపట్టదు. అందుచేత ప్రతి దానికీ బొమ్మ కావలసివచ్చింది. లండనులో ఉన్న కాగితాలు అవే. ఆ బొమ్మలలో ఏమున్నదో మన పాఠకులకు కొంచెం వివరంగా చెప్పడం అవసరం. ఎందుకంటే మనం నెలకు ఒకసారైనా ఏదో ఒక పాత గుడికి పోతూనే ఉంటాము, ఏమి చూస్తున్నామో తెలియకుండా ప్రదక్షిణం చేసి వస్తాము.

మొదట కొలత. శిల్పశాస్త్రం పరమాణువుతో మొదలుపెడుతుంది. ఎనిమిది పరమాణువులు ఒక రథధూళి, అవి ఎనిమిదయితే వాలాగ్రం, అంటే వెంట్రుక కొస. ఆ పైన లిక్ష, యూక, యవ, చివరకు అంగుళం. అన్నీ ఎనిమిదేసి రెట్లు. లెక్క కడితే ఒక అంగుళానికి 2,62,144 పరమాణువులు. కొలిచినవాడు ఎవడని అడగకండి. పనిలో పనికివచ్చేది యవ నుంచి పైకే. 24 అంగుళాలు ఒక మూర, దానికి కిష్కు అని పేరు. 25, 26, 27 అంగుళాల మూరలు కూడ ఉన్నవి, వేర్వేరు పనులకు వేర్వేరు మూర. నాలుగు మూరలు ఒక దండం, ఎనిమిది దండాలు ఒక రజ్జువు.

తరువాత గుడి అంగాలు. క్రిందినుంచి చూడండి. అన్నిటికీ అడుగున ఉపపీఠం. ఇది అన్ని గుళ్లకూ ఉండదు. దాని మీద అధిష్ఠానం. మనం ప్రదక్షిణం చేసేటప్పుడు నడుము ఎత్తున పట్టీలుపట్టీలుగా కనబడేది అదే. ఆ పట్టీలలో గుండ్రంగా ఉబ్బినది కుముదం. తామరరేకుల వంపు గలది పద్మం. లోపలికి పోయినది కంఠం. అధిష్ఠానం మీద స్తంభం లేక గోడ. స్తంభాల మీద అడ్డంగా పరచుకొన్నది ప్రస్తరం. ప్రస్తరంలో ముందుకు వంగి నీడనిచ్చే చూరురాయి కపోతం. పావురం మెడవలె నున్నని వంపు తిరిగినది కనుక ఆ పేరు. దానిలో గుర్రపునాడావలె చెక్కిన గూళ్లు నాసికలు. ఇంతవరకు తెలిస్తే కాంచీపురమైనా, హంపి అయినా, తాడిపత్రి అయినా కన్ను తడుముకోదు.

స్తంభానికి పలకలనుబట్టి పేరు. నలుపలకలది బ్రహ్మకాంతం, ఎనిమిది పలకలది విష్ణుకాంతం, పదునారు పలకలు లేక గుండ్రనిది రుద్రకాంతం, అయిదు పలకలది శివకాంతం, ఆరు పలకలది స్కందకాంతం. స్తంభపు మందాన్ని ఒక పాలుగా తీసుకొని ఎత్తు ఎన్ని పాళ్లు ఉండాలో, బోదె మొదలుకంటె చివర ఎంత సన్నగిల్లాలో, దానికి తగిన పీఠం ఎంతో అన్నీ నిర్ణయమై ఉన్నవి. రామరాజుగారు ఈ లెక్కలను గ్రీకు, రోమను స్తంభాల లెక్కలతో ప్రక్కప్రక్కన పెట్టి చూపారు. పోలిక ఉన్న చోట పోలిక, లేని చోట భేదం. మనదే గొప్ప అని కేకలు వేయలేదు, వారినుంచి నేర్చుకొన్నామని తల వంచనూ లేదు. తూకం పట్టుకొన్న మనిషి వ్రాత అది.

విమానాలు ఒక అంతస్తు మొదలు పన్నెండు అంతస్తుల వరకు. శిఖరం నలుపలకలైతే నాగరం, ఎనిమిది లేక ఆరు పలకలైతే ద్రావిడం, గుండ్రనిదైతే వేసరం అని దక్షిణాది గ్రంథాల లెక్క. గోపురాలు అయిదు రకాలు. ఒకదానిచుట్టు ఒకటిగా అయిదు ప్రాకారాలు కడితే, అన్నిటికంటె లోపలి వాకిటిది ద్వారశోభ. అక్కడినుంచి ద్వారశాల, ద్వారప్రాసాదం, ద్వారహర్మ్యం అని పెరుగుతూ పోయి, వెలుపలిది మహాగోపురం అవుతుంది. గర్భగుడి చిన్నదై వీధి గోపురం ఆకాశమంత ఎందుకున్నదని మన పిల్లలు అడుగుతూ ఉంటారు. శాస్త్రంలో దానికి వరుస ఉన్నది.

నాకు అన్నిటిలోకి ప్రియమైనది ఊళ్ల భాగం. ఆ శాస్త్రంలో ఊరు కట్టడానికి ఎనిమిది మచ్చులు. కర్రవలె నిలువు వీధులతో దండకం, నలువైపులా సమంగా సర్వతోభద్రం, మెలికలు తిరిగిన వీధులతో నంద్యావర్తం, తామరపూవువలె పద్మకం, ఆ పైన స్వస్తికం, ప్రస్తరం, కార్ముకం, చతుర్ముఖం. కార్ముకం అంటే విల్లు. ఏటి ఒడ్డునో, సముద్రపు ఒడ్డునో ఒడ్డు వంపును అనుసరించి కట్టే ఊరు అది. ఇటువంటి ఊళ్ల పటాలను కూడ రామరాజుగారు గీయించి పంపారు. ఊరు చుట్టూ తిరిగే వీధికి మంగళవీథి అని పేరు, నడుమ బ్రహ్మవీథి. ఎవరి ఇల్లు ఎక్కడ ఉండాలో కులాలవారీగా విధించి, కొందరిని పొలిమేర అవతలికి నెట్టిన శాస్త్రం కూడ ఇదే. ఆ సంగతిని దాచి పొగడడం తగదు.

వ్రాతప్రతిని, బొమ్మలను ఓడకు ఎక్కించారు. ఆ రోజులలో ఓడ ఆఫ్రికా ఖండం చుట్టి పోవాలి. ఉత్తరం చేరడానికి నెలలు, జవాబు రావడానికి మళ్లీ నెలలు. ఏదైనా సందేహం వస్తే అడిగి తెలుసుకొనడానికి ఏడాది పట్టే కాలం. సొసైటీవారు ఆయనను తమ సంఘంలో విదేశ ప్రతినిధి సభ్యునిగా స్వీకరించారు. 1834లో లండనులో గ్రంథం వెలువడింది. హిందువుల వాస్తుశిల్పాన్ని గురించిన వ్యాసం అని దాని పేరుకు అర్థం. మాటల భాగం చిన్నదే. బొమ్మల ఫలకాలు 48. ఆ పుస్తకాన్ని చేతపట్టుకొని చూచుకొనే భాగ్యం రామరాజుగారికి కలుగలేదు. అచ్చు పూర్తయ్యేలోగానే ఆయన కాలం చేశారు. నలభై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు.

ఒక విషయం గమనించవలసి ఉన్నది. ఆ కాలంలో దొరలకు దేశచరిత్ర సమకూర్చి పెట్టిన మనవారు పలువురు ఉన్నారు. మెకంజీ దొర వద్ద పనిచేసిన ఏలూరు కావలి సోదరులను ఎరుగనివారు లేరు. బొర్రయ్య, లక్ష్మయ్య ఎండలో, వానలో తిరిగి కైఫీయతులు ప్రోగుచేశారు. ఆ భాండారానికి మాత్రం దొర పేరే నిలిచింది. రామరాజుగారి విషయంలో అట్లా జరగలేదు. గ్రంథకర్తగా ఆయన పేరే ముఖపత్రం మీద అచ్చయింది. 1834నాటికి అది సామాన్యమైన గౌరవం కాదు.

కాని అదే తరాజు ఇంకొకవైపు కూడ పట్టాలి. తంజావూరు శిల్పి పేరు ఆ ముఖపత్రం మీద లేదు. ఆయన చెప్పిన అర్థాలు లేకపోతే ఆ శ్లోకాలు మూగవి. కావలి సోదరులకు జరిగినదానికి బాధపడే మనం దీనికీ బాధపడాలి.

లోపాలు మరికొన్ని ఉన్నవి. రామరాజుగారి దృష్టి అంతా తమిళదేశపు గుళ్ల మీదనే నిలిచింది. తాము నివసించిన మైసూరు సీమలోనే బేలూరు, హళేబీడు ఉన్నవి. తెలుగు దేశంలో ద్రాక్షారామం, సామర్లకోట భీమేశ్వరాలయాలు ఉన్నవి. ఆయన సూత్రాలన్నీ వాటికి అట్లే అతకవు. హిందూ వాస్తువు అంతా ఇదే అన్నట్లు పుస్తకానికి పెట్టిన పేరు కొంత పెద్దదే. పైగా బొమ్మలను సీమవారి పద్ధతిలో, వారి స్తంభాల పుస్తకాలవలె తీర్చడంతో మన శిల్పాన్ని వారి కొలబద్దతో చూపినట్లయిందని ఈనాటి పండితులు విమర్శిస్తారు. విమర్శలో నిజం లేకపోలేదు. అయితే వినేవానికి తెలిసిన భాషలో చెప్పకపోతే విననే వినడు. పంతులు పని చేసిన మనిషికి ఈ సంగతి తెలుసు.

తరువాతి కథ పెద్దది. ఫెర్గుసన్ దొర భారతీయ వాస్తుచరిత్ర వ్రాసినప్పుడు రామరాజుగారి బొమ్మలు వాడుకొన్నాడు. శాస్త్రగ్రంథాలకంటె కట్టడాలనే నమ్మవలెనని అతని పట్టుదల. ఒరిస్సా పురాతన కట్టడాలను గురించి వ్రాసిన రాజేంద్రలాల్ మిత్ర ఈ గ్రంథాన్ని ఆధారం చేసుకొన్నారు. హావెల్ దొర ఊళ్ల పటాలను ఎత్తి తన పుస్తకంలో వేసి, భారతీయులకు పట్టణ నిర్మాణం తెలియదనేవారికి సమాధానం చెప్పాడు. 1914లో ప్రచురించిన తన గ్రంథానికి పుదుచ్చేరిలోని ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రే శిల్పుల నోటినుంచే మాటలు సేకరించాడు. రామరాజుగారు తొక్కిన బాట అదే. యానాంలోని మన సోదరులకు ఈ పేరు పరిచితమై ఉండవచ్చును.

1919లో గణపతిశాస్త్రిగారు తిరువనంతపురంలో మయమతాన్ని అచ్చు వేయించారు. మానసారం పూర్తిగా వెలుగు చూడడానికి మాత్రం ఇంకా కాలం పట్టింది. ప్రసన్నకుమార ఆచార్యగారు అయిదు లిపులలో ఉన్న పదకొండు వ్రాతప్రతులు దగ్గర పెట్టుకొని, ఏళ్ల తరబడి కుస్తీపట్టి, 1927లో వాస్తు నిఘంటువును, 1930లలో డెబ్బై అధ్యాయాల మూలాన్ని, అనువాదాన్ని ప్రకటించారు. ఆ గ్రంథంలోని సంస్కృతం వ్యాకరణానికి లొంగనిదని ఆయనే మొరపెట్టుకొన్నారు. అచ్చు పుస్తకాలు, నిఘంటువులు, విశ్వవిద్యాలయం అండ ఉన్న ఆచార్యగారికే అంత కష్టమైతే, నూరేళ్లకు ముందు కచేరీనుంచి ఇంటికి వచ్చి, దీపం ముందు తునకలు పరచుకొని కూర్చున్న మనిషి సంగతి మనం ఊహించుకొనవలసినదే.

ఇప్పుడు ఆ పుస్తకం దుర్లభం కాదు. మన దేశంలోనూ మళ్లీ అచ్చయింది. కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లలు క్షణంలో తెరిచి చూడగలరు. మొదటి పుట తిప్పగానే రామరాజుగారి పేరు ఉంటుంది. ఆ పేరు క్రింద ఆయన ఉద్యోగం, దాని ప్రక్కన బెంగుళూరు అని మన ఊరి పేరు ఉంటాయి.